టెన్షన్ అనే ఒక్క మాట కింద ఎన్ని ఉన్నాయో: రోజువారీ ఆందోళన మీద ఒక కేస్ స్టడీ

టెన్షన్ తగ్గించుకోవడానికి కౌన్సెలింగ్ కోసం నా దగ్గరికి వచ్చిన ఒకావిడ కేసు ఇది. దీని గురించి రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. రాసింది చదివి రెండు చోట్ల మార్చమన్నారు, మార్చాను. పేరు రాయడం లేదు. ఎవరైనా గుర్తుపట్టే వీలున్న వివరాలు కూడా కొన్ని మార్చాను. జరిగిన పని మాత్రం జరిగినట్టే ఉంది.

వచ్చినప్పుడు

వయసు 34. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. కుర్చీలో పూర్తిగా కూర్చోకుండా అంచు మీద కూర్చుని మొదట అన్న మాట ఇది: "మేడమ్, నాకు పెద్ద జబ్బేమీ లేదు. టెన్షన్ ఎక్కువ, అంతే. వెంటనే తగ్గే చిట్కా ఏదైనా చెప్తే చాలు."

చిట్కా అడిగారని నేను తేలిగ్గా తీసుకోను. అలా అడిగేవాళ్ళు అప్పటికే ఎన్నో ప్రయత్నించి, ఏదీ నిలబడక, చివరికి వస్తారు. ఈవిడా అంతే. ఫోన్‌లో మూడు ధ్యానం యాప్‌లు ఉన్నాయి. పొద్దున్నే లేచి గాఢంగా ఊపిరి పీల్చడం అలవాటు చేసుకున్నారు. "చేస్తుంటే ఇంకా ఎక్కువవుతోంది, నేనే సరిగ్గా చేయలేకపోతున్నానేమో" అన్నారు. ఈ మాట నాకు ముఖ్యమనిపించి నోట్స్‌లో కింద గీత గీసి పెట్టుకున్నాను.

లక్షణాలు అడిగితే ఒక్కొక్కటే చెప్పారు. మెలకువ వస్తూనే గుండె దడ. ఫోన్ మోగితే కడుపులో దేవినట్టు ఉండటం. మీటింగ్ ముందు అరచేతుల్లో చెమట. పంపేసిన మెయిల్‌ని మళ్ళీ తెరిచి ఆరేడు సార్లు చదవడం. రాత్రి పడుకున్నాక చూసుకుంటే దవడ బిగబట్టి ఉంటుంది, నిద్ర ఆలస్యంగా పడుతుంది. అయినా ఆఫీసు మానలేదు, ఇంట్లో పనులు ఆగలేదు, నలుగురిలో మాట్లాడుతూనే ఉన్నారు.

ఆందోళన ఎంత ఉందో కొలిచే జీఏడీ-7 అనే ప్రశ్నావళి ఇచ్చాను. ఏడు ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 21. ఐదు నుంచి తొమ్మిది వరకు స్వల్పం, పది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఇంకా లోతుగా చూడాలి. ఆవిడకి 9 వచ్చింది. గీతకి ఇవతలే ఉన్నారు, కానీ గీతని ఆనుకుని ఉన్నారు.

మాటలతో పని మొదలుపెట్టే ముందు ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి పంపాను. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా గుండె దడ, చేతుల వణుకు, చెమట ఇలాగే ఉంటాయి. రక్తం తక్కువగా ఉన్నా దడ వస్తుంది. రిపోర్టులు మామూలుగానే వచ్చాయి. ఈ మెట్టు దాటేసి నేరుగా శ్వాస వ్యాయామాలు నేర్పడం నాకు ఇష్టం ఉండదు.

ఒక వారం పాటు రాసిన కాగితం

మొదటి వారం ఏ పద్ధతీ నేర్పలేదు. "టెన్షన్ వచ్చిన ప్రతిసారీ ఎప్పుడు, ఎక్కడ, దేని గురించి అన్నది ఒక్క లైను రాయండి" అన్నాను. పక్కన 0 నుంచి 10లో ఎంత అన్న అంకె. ఇలా అంకె వేయించడం జోసెఫ్ వోల్పే అనే మనోవైద్యుడి కాలం నుంచి మా వృత్తిలో ఉన్న అలవాటు. ఆయన 100 దాకా లెక్కపెట్టించేవారు, నాకు 10 చాలు.

వారం తర్వాత 23 లైన్లు తెచ్చారు. ప్రతి లైనులోనూ ఒకే మాట: టెన్షన్.

"ఈ టెన్షన్ అన్న మాట తీసేసి, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏ మాట వాడేవారో అది రాయండి" అన్నాను. కాసేపు పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయారు. తర్వాత మొదటి లైను పక్కన "ఆదుర్దా" అని రాశారు. మేనేజర్‌కి మెయిల్ పంపి, జవాబు కోసం చూసిన సందర్భం అది. మీటింగ్ ముందుది "బెరుకు". నెలాఖరు లెక్కలు గంటలో ఇవ్వాలన్నప్పటిది "కంగారు". అలా మొత్తం 23 పూర్తయ్యేసరికి 14 ఆదుర్దాలు, ఐదు బెరుకులు, మూడు కంగారులు తేలాయి. ఒకే ఒక్క చోట "బెంగ" అని రాశారు. రాత్రి పదిన్నరకి ఫోన్ మోగినప్పటిది. ఆ ఒక్కటీ తర్వాత చూద్దామని పక్కన పెట్టాను.

మనసులో ఉన్నదానికి పేరు పెడితే దాని తీవ్రత కొంత తగ్గుతుందన్నది మేం రోజూ చూసేదే. 2007లో మాథ్యూ లీబర్మన్ అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం మెదడు స్కాన్లతో చేసిన ఒక అధ్యయనంలో, భావోద్వేగానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు భయం లాంటివాటికి స్పందించే అమిగ్డలా అనే మెదడు భాగంలో స్పందన తగ్గడం కనిపించింది. నాకు మాత్రం పేరు పెట్టించడంలో ఇంకో ఉపయోగం కనిపిస్తుంది. టెన్షన్ అంటే ఏం చేయాలో తోచదు. ఆదుర్దా అంటే కబురు కోసం ఎదురుచూడటం అని తెలుస్తుంది. బెరుకు అంటే మనుషుల ముందుకి వెళ్ళాలి. కంగారు అంటే టైము చాలట్లేదు. దేని మందు దానికే వేయాలి. ఎదురుచూపు భరించలేకపోతున్న మనిషికి టైమ్ మేనేజ్‌మెంట్ నేర్పితే ఏం లాభం?

ఊపిరి

రెండో సెషన్‌లో, "పొద్దున చేసే శ్వాస వ్యాయామం నాకు చేసి చూపించండి" అన్నాను.

కళ్ళు మూసుకున్నారు. నోరు తెరిచి, గట్టిగా గాలి లాగారు. భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి. వెంటనే వదిలేసి మళ్ళీ లాగారు. పొట్ట అస్సలు కదల్లేదు, కదిలిందంతా ఛాతీ పై భాగమే. నిమిషం కూడా కాలేదు, కళ్ళు తెరిచి, "చూశారా మేడమ్, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. తల తేలిపోతున్నట్టుంది. రోజూ ఇంతే" అన్నారు.

ఆవిడ చేస్తున్నదాంట్లో చిత్తశుద్ధి లోపం ఏమీ లేదు. "డీప్ బ్రీత్ తీసుకో" అని అందరూ చెప్పే సలహాలోనే సగం మాట తప్పిపోయింది. శరీరానికి అవసరమైనదానికంటే ఎక్కువగా, వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. అది పడిపోతే మెదడుకి వెళ్ళే రక్తనాళాలు కొంచెం సన్నబడతాయి, తల తిరుగుతుంది. వేళ్ళలో, పెదాల చుట్టూ తిమ్మిరి వస్తుంది. ప్రమాదం లేదు. కానీ అప్పటికే భయపడుతున్న మనిషికి తల తిరిగితే ఏమనిపిస్తుంది? ఏదో అయిపోతోందనే అనిపిస్తుంది. దాంతో ఇంకా గట్టిగా గాలి లాగుతారు. భయం తగ్గడానికని చేసే పనే రోజూ పొద్దున్నే ఆవిడని భయపెడుతోంది.

ఇది అర్థమయ్యాక ఆవిడ ముఖంలో వచ్చిన మార్పు నాకు ఇంకా గుర్తుంది. "అంటే నాలో తప్పు లేదా?" అని రెండుసార్లు అడిగారు.

తర్వాత ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్ళు పెట్టి నాడి పట్టుకోమన్నాను. "ముక్కుతో మామూలుగా పీల్చండి. ఇప్పుడు చాలా నెమ్మదిగా, కొవ్వొత్తి మంట కదలకుండా ఊదుతున్నట్టు వదలండి. నాడి ఎలా ఉందో చూడండి." మూడోసారి వదులుతుండగా కళ్ళు పెద్దవి చేశారు: "నెమ్మదిస్తోంది!" అవును, పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. గుండెని నెమ్మదింపజేసే వేగస్ అనే నరం ప్రభావం ఊపిరి వదిలేటప్పుడు పెరుగుతుంది. అందుకే అసలు పట్టు వదలడంలోనే ఉంది. ఈ సంగతి ఎవరో చెప్పగా వినడం వేరు, సొంత వేళ్ళ కింద తగలడం వేరు.

పద్ధతి ఇంతే: నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం. పొట్ట మీద చెయ్యి, భుజాలు కిందకి. నిమిషానికి సుమారు ఆరు ఊపిరులు అవుతాయి. పెద్దగా పీల్చకూడదు, ఇది మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రోజూ ఐదు నిమిషాలు, బాగున్నప్పుడు కూడా చేయాలి. ఈత రాని మనిషి మునుగుతూ ఈత నేర్చుకోలేడు కదా.

ఇంత కూడా తీరిక లేనప్పుడు, అంటే మీటింగ్ గది తలుపు ముందు నిలబడ్డప్పుడు, ఇంకొకటి ఇచ్చాను. ముక్కుతో ఒకసారి పీల్చి, ఆ పైన ఇంకో చిన్న గుక్క పీల్చి, నోటితో పొడుగ్గా వదిలేయడం. రెండు మూడుసార్లు చాలు. బాగా ఏడ్చి ఊరుకున్న పిల్లల్లో ఇలాంటి ఊపిరి తనంతట తానే వస్తుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దీన్ని రోజుకి ఐదు నిమిషాల చొప్పున నెల రోజులు చేయించి, ధ్యానంతోనూ మరో రెండు శ్వాస పద్ధతులతోనూ పోల్చి చూశారు. ఆందోళన అన్ని గుంపుల్లోనూ తగ్గింది, మనసు తేలికపడటంలో మాత్రం ఈ నిట్టూర్పు పద్ధతే ముందుంది.

నేను చేసిన పొరపాటు

ఊపిరి పనిచేసింది కదా అన్న ఉత్సాహంలో అదే సెషన్ చివర ఇంకో మూడు పద్ధతులు కాగితం మీద రాసి ఇచ్చేశాను. కండరాలు బిగించి వదలడం. కనిపించేవి ఐదు, తాకేవి నాలుగు, వినిపించేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి లెక్కపెట్టడం. చల్లని నీళ్ళు ముఖానికి కొట్టుకోవడం.

మూడో సెషన్‌కి ఆవిడ చక్కటి పట్టిక గీసి తెచ్చారు. అకౌంట్స్ మనిషి కదా, పక్కాగా ఉంది. ప్రతి పద్ధతికీ ఒక వరుస, ప్రతి రోజుకీ "తగ్గింది", "తగ్గలేదు". సగానికి పైగా "తగ్గలేదు". ముఖం వాడిపోయి ఉంది. "చేస్తూనే ఉన్నాను మేడమ్, తగ్గిందా లేదా అని చూసుకుంటూనే ఉన్నాను" అన్నారు.

తప్పు నాది. ఆదుర్దా మనిషి చేతిలో ఇంకో మూడు ఎదురుచూపులు పెట్టాను. తగ్గిందా తగ్గిందా అని క్షణానికోసారి తొంగిచూస్తుంటే ఏ దడా తగ్గదు. పైగా, దడ సున్నాకి రావాలి, వచ్చాకే పని మొదలుపెట్టాలి అని ఆవిడ అనుకుంటున్నారని నాకు అప్పుడే అర్థమైంది. మీటింగ్‌కి పది నిమిషాల ముందు బాత్‌రూమ్‌లో నిలబడి, దడ తగ్గే దాకా బయటికి రాకుండా, రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళారు.

పట్టిక పక్కన పెట్టేశాం. పద్ధతులు రెండే ఉంచాను. పగలు ఊపిరి, రాత్రి కండరాలు. కనిపించేవి, వినిపించేవి లెక్కపెట్టే పద్ధతి తీసేశాను. అది చాలామందికి బాగా పనిచేస్తుంది, ముఖ్యంగా భయంలో ఒక్కసారిగా చుట్టూ ఏముందో తెలియనట్టు అయిపోయేవాళ్ళకి. ఈవిడకి మాత్రం అది లెక్క సరిపోయిందా లేదా అన్న ఇంకో పరీక్ష అయింది. అన్నిటికంటే ముఖ్యంగా ప్రశ్న మార్చాను. "తగ్గిందా?" అని అడుక్కోవద్దు, "పని మొదలుపెట్టానా?" అని అడుక్కోండి అన్నాను. దడ 6 ఉండగానే గదిలోకి వెళ్ళి కూర్చుంటే అది గెలుపే. మూడు నిట్టూర్పులు విడిచి, ఎంత ఉంటే అంతతోనే తలుపు తీయాలి.

రాత్రి చేసే కండరాల పద్ధతి ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికన్ వైద్యుడిది. 1929లోనే ఆయన దాని మీద పుస్తకం రాశారు. పూర్తిగా చేస్తే చాలాసేపు పడుతుంది. ఆవిడకి మూడు చోట్లు చాలన్నాను: పిడికిళ్ళు, భుజాలు, దవడ. ఐదు సెకన్లు బిగించడం, పదిహేను సెకన్లు వదిలేసి ఊరుకోవడం. దవడ దగ్గర మాత్రం గట్టిగా కరవకుండా, పళ్ళు తాకీ తాకనట్టు మెల్లిగా బిగించమన్నాను. నాలుగో రోజునుంచి తొందరగా నిద్ర పడుతోందన్నారు.

మెయిల్ పంపాక ఇరవై నిమిషాలు

అసలు సమస్య ఆ 14 ఆదుర్దాలది. మెయిల్ పంపడం, తప్పు దొర్లిందేమోనని మళ్ళీ తెరవడం. తెరిచి చూసుకుంటే ఒక క్షణం ప్రాణం కుదుటపడుతుంది. ఆ కుదుటపడటమే ఉచ్చు. చూసుకున్నాను కాబట్టి బయటపడ్డాను అని మనసు నేర్చుకుంటుంది, ఇంకోసారి ఇంకా గట్టిగా చూసుకోమంటుంది. ఇక్కడ శ్వాస వ్యాయామాన్ని నేను కావాలనే వద్దన్నాను.

నాలుగో సెషన్‌లో, నా ఎదురుగానే, మేనేజర్‌కి పంపాల్సిన ఒక మామూలు రిపోర్టు ఫోన్‌లోంచి పంపమన్నాను. ఒక్కసారి చదివి, పంపేసి, ఫోన్ బోర్లా పెట్టాలి. ఇరవై నిమిషాలు దాన్ని ముట్టుకోకూడదు. ఊపిరి లెక్కపెట్టకూడదు. ఐదు నిమిషాలకోసారి అంకె చెప్పాలి.

పంపగానే 8. చెయ్యి రెండుసార్లు ఫోన్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఐదు నిమిషాలకి, "ఇంకా 8. రిపోర్టులో మొత్తం దగ్గర ఒక సున్నా తక్కువ వేశానేమో అనిపిస్తోంది." నేనేమీ ధైర్యం చెప్పలేదు. అవునేమో, కాదేమో అన్నాను. అలా అనడం నాకూ సులువు కాదు. ఎదురుగా మనిషి కష్టపడుతుంటే "ఏం కాదులెండి" అనే మాట నాలుక చివర ఉంటుంది. కానీ ఆ మాట ఇస్తే మెయిల్ చూసుకునే బదులు నన్ను చూసుకున్నట్టవుతుంది. పది నిమిషాలకి 6. పదిహేనుకి 4, అప్పటికి కిటికీ బయటకి చూస్తున్నారు. ఇరవైకి, "మూడేమో… మేడమ్, నేనేం చేయలేదు కదా?"

ఏం చేయలేదు. దానంతట అదే తగ్గింది. ఆందోళనని మనం దించకపోతే అది పెరుగుతూనే పోతుందన్నది ఆవిడ గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఆ ఇరవై నిమిషాల్లో కదిలినంతగా నా మాటల వల్ల ఎప్పుడూ కదల్లేదు. తర్వాతి రెండు వారాలు రోజుకి ఒక మెయిల్‌తో ఇదే పని. మొదట మామూలు మెయిళ్ళు, తర్వాత పెద్ద అంకెలున్నవి. పంపే ముందు ఒకసారి సరిచూసుకోవడం ఉద్యోగ ధర్మం, అది ఉంచాం. పంపిన తర్వాతిదే ఆపాం.

మధ్యాహ్నమంతా తిరిగే ఆలోచనలకి ఒక వేళ కేటాయించాం. ఈ పద్ధతి థామస్ బోర్కోవెక్ అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం 1983లో ప్రయత్నించి చూసినది. వాళ్ళు అరగంట పెట్టారు, మేం సాయంత్రం ఆరున్నరకి ఇరవై నిమిషాలు పెట్టుకున్నాం. రోజూ ఒకే కుర్చీ. పగలు బెంగో భయమో తలలోకి వస్తే ఒక్క ముక్క రాసుకుని, "ఆరున్నరకి చూద్దాం" అనుకోవడం. ఆరున్నరకి ఆ కాగితం తీసి తనివితీరా ఆలోచించుకోవచ్చు. మొదటి వారం మూడు రోజులు మానేశారు. రెండో వారం ఒకటి గమనించారు: పొద్దున పదకొండుకి కొండంత అనిపించిన వాటిలో చాలావాటికి సాయంత్రానికి ఇరవై నిమిషాలు కూడా పట్టడం లేదు. మిగిలినవాటిలో చేయగలిగింది ఉంటే దాని మొదటి మెట్టు, ఉదాహరణకి ఎవరికి ఫోన్ చేయాలి అన్నది, రాసుకునేవారు.

కాఫీ సంగతి కూడా చెప్పాలి. రోజుకి ఐదు కప్పులు తాగేవారు, చివరిది సాయంత్రం ఆరింటికి. కెఫీన్ దానంతట అదే దడ పుట్టిస్తుంది, పెద్దవాళ్ళలో సగం బయటికి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వస్తుంది కాబట్టి మూడు రోజులకో కప్పు తగ్గిస్తూ రెండుకి తెచ్చాం, మధ్యాహ్నం తర్వాత లేదు. భోజనం అయ్యాక పది నిమిషాలు చురుగ్గా నడక. వీటి మీద మేం పెద్దగా మాట్లాడుకోలేదు, ఆవిడే చేసేశారు.

ఎనిమిది వారాల తర్వాత

జీఏడీ-7లో 4. మెయిల్ మళ్ళీ తెరవడం వారానికి ఒకటి రెండుసార్లు. మీటింగ్‌లకి వేళకి వెళ్తున్నారు. ఏడో వారంలో పై అధికారుల ముందు పావుగంట మాట్లాడాల్సి వచ్చింది. "దడ 7 ఉంది మేడమ్. అలాగే వెళ్ళి మాట్లాడేశాను. మధ్యలో ఎప్పుడు తగ్గిందో చూసుకోలేదు" అన్నారు. నాకు ఆ చివరి వాక్యమే ఎక్కువ నచ్చింది.

ఇదే వరస అందరికీ సరిపోతుందని అనుకోవద్దు. ఛాతీలో నొప్పి, చెమటలు మొదటిసారి వస్తే అది ఆందోళనేనని ఇంట్లో తేల్చుకోకుండా వెంటనే డాక్టర్‌కి చూపించుకోవాలి. ఆందోళన ఆరు నెలలుగా చాలా రోజులు వదలకుండా ఉన్నా, ఉద్యోగానికో బడికో వెళ్ళలేకపోతున్నా, నిద్ర మాత్రలు, మద్యం లేకుండా రాత్రి గడవకపోయినా, చికిత్స కావాలి. దానికి మంచి చికిత్సలు ఉన్నాయి. బతకాలని లేదు అన్న ఆలోచన వస్తే ఈ పద్ధతులేవీ ప్రయత్నిస్తూ కూర్చోవద్దు, ఆ రోజే ఎవరికైనా చెప్పండి, వైద్య సాయం తీసుకోండి.

చివరి సెషన్‌లో మొదటి వారం కాగితం మళ్ళీ తీశాం. 23 లైన్లలో 22 పక్కన ఆవిడ తానే చిన్న టిక్కు పెట్టుకుంటూ వచ్చారు. రాత్రి పదిన్నర ఫోన్ దగ్గర పెన్ను ఆగింది. "ఇది ఇంకా అలాగే ఉంది. రాత్రిపూట ఫోన్ మోగితే ఊపిరి, లెక్క ఏదీ గుర్తుకి రాదు" అన్నారు. రెండేళ్ళ క్రితం వాళ్ళ నాన్నగారు పోయిన కబురు అలాంటి రాత్రి ఫోన్‌లోనే వచ్చిందట. ఎనిమిది వారాల్లో ఒక్కసారి కూడా ఆ మాట రాలేదు, నేనూ అడగలేదు. కాగితం మీద ఆవిడ ఆ రోజే సరైన మాట రాశారు, బెంగ అని. దానికి నాలుగు అంకెల పీల్పు, ఆరు అంకెల వదలడం సరిపోదు. వచ్చే వారం నుంచి ఆయన గురించి మాట్లాడుకుందామని కొత్తగా నాలుగు తేదీలు రాసుకున్నాం.